కళ్ళు లేని వేలు

రూఫస్ గారికి, ప్రేమలీల వందనాలు. నా రాత వంకర, తప్పులు కూడా ఉంటాయి, మన్నించండి. ఆరో తరగతిలోనే బడి మానినదాన్ని. దేవుని దయవల్ల అత్తమ్మా నేనూ బాగున్నాము. చెన్నైలో మీరూ బాగున్నారని తలుస్తాను.

కావలిలో ఎవరికి ఫోన్ చేస్తున్నావని మొన్న అడిగారు. అప్పుడు మాట మార్చాను. ఇప్పుడు రాస్తున్నాను. కావలికి చేసిన సంగతి నేను మీకు చెప్పనే లేదు. మరి ఎట్లా తెలిసింది? మరునాడు అన్నం తిని, నిద్రపోతున్నట్టు చాప మీద పడుకుని చూశాను. నా ఫోన్ దానంతటదే వెలిగింది. తెర పక్కకు జరిగింది. మూలనున్న గుర్తు నొక్కుకుంది. నేను చేసిన కాల్స్ అన్నీ వరసగా పైకి పాకాయి. ఎవరి చెయ్యీ లేదు.

పెళ్ళైన కొత్తలో మీరే చెప్పారు, మీ ఆఫీసులో కొత్త యాప్‌లను మనుషులు తాకి చూడరని, నొక్కడం, జరపడం, అదిమిపట్టడం అన్నీ ఒక ప్రోగ్రామే చేస్తుందని. "దానికి కళ్ళుండవు పిచ్చిదానా. బటన్ పక్కకు జరిపినా, నేర్పిన చోటే పొడుస్తా ఉంటది" అని నవ్వారు. ఈ ఫోన్ కొనిచ్చింది మీరే. ఆ కళ్ళు లేని వేలును కూడా, అది తెరిచిందంతా మీకు కనబడేట్టు, అందులో పెట్టే ఇచ్చారు.

నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. అది ఇంకా ఉంది.

శుక్రవారం ఉపవాస ప్రార్థన మనింట్లోనే జరిగింది. దానికి ముందు నేనొక పని చేశాను. కాల్స్ గుర్తు ఉండే చోట, నొక్కగానే అత్తమ్మకు ఫోన్ పోయే గుర్తు పెట్టాను. ఫోన్‌ను అందరి మధ్య చాప మీద ఉంచాను. మీ వేలు రోజూ వచ్చే వేళకే వచ్చింది. అత్తమ్మ ఒళ్ళో ఫోన్ మోగింది.

"ఏందే, ఎదురుగా కూర్చోని నాకు ఫోన్ చేస్తుండావా?" అన్నారు.

నా రెండు చేతులూ పాటల పుస్తకం మీదే ఉన్నాయి. పక్కింటి డెబోరా అక్క "సాతాను పని" అంటూ ప్రార్థన ఎత్తుకుంది.

"సాతాను కాదక్కా, మా ఆయన" అన్నాను. పదిమందిలో నేను నోరు తెరవడం అదే మొదలు. అంతా చెప్పాను.

అత్తమ్మ ఒళ్ళోంచి ఫోన్ తీసి చాప మీద పెట్టారు. తర్వాత "వాళ్ళ నాయన కూడా నన్ను ఇట్టానే కాపలా కాసినాడు, కిటికీలోంచి" అన్నారు. "ఆ గుర్తు తియ్యబాక. రోజూ మోగనీ, నాకు మరుపు రాకుండా. పండక్కి వస్తాడు గదా."

ఇక కావలి సంగతి. అది ఆసుపత్రి నంబరు. నాకు మూడో నెల. మీరు వచ్చాక చెవిలో చెప్పాలని దాచుకున్నాను. ఆ శుక్రవారమే అందరికీ చెప్పేశాను. రేవులో చేపలమ్మేవాళ్ళకు కూడా తెలుసు. ఆఖర్న మీకు, అదీ పోస్టులో.

చదివాక ఈ ఉత్తరం కాల్చేయండి. మీ గదిలో ఇంకెవరి కంటా పడనీయకండి. ఒకరి సంగతులు దొంగచాటుగా చూసేవాళ్ళు ఎక్కడైనా ఉంటారు.

ఇట్లు,
మీ అమ్మగారి కోడలు
ప్రేమలీల