ఓడ కబురు

మంగళవారం రాత్రి, గోపాలపట్నం

ఏ ఓడ ఎప్పుడు రేవుకొస్తుందో ముందుగా తెలిసేది అప్పారావు బావకే. ఆ కబురు కోసం లారీల వాళ్ళమంతా నిలబడి ఉంటే, తన టీ పూర్తిగా తాగాకే నోరు విప్పేవాడు. ఇప్పుడు ఆ వివరాలన్నీ అందరి ఫోన్లలోకీ యాప్‌లో వచ్చేస్తున్నాయి.

పొద్దున స్టాండులో బావ గొంతు తగ్గించి, "రేపు బొగ్గు ఓడ వత్తాది, బళ్ళు సిద్ధం సేసుకోండి" అన్నాడు.

"ఎల్లుండికి మారిపోనాది బావా, సూసుకో" అని ఫోను అతని మొహం ముందు పెట్టాను. అందరూ నవ్వారు. నాకు కడుపు నిండిపోయింది.

వాళ్ళు వెళ్ళాక అప్పారావు బావ నా దగ్గరికొచ్చి, "నాకూ ఆ యాప్ ఎక్కించు బావా, నాను నేర్సుకుంటాను" అన్నాడు.

"నీది పాత ఫోను, పట్టదు" అన్నాను.

అతనిది నాదానికన్నా కొత్తది. రేపు ఇంకెవరినో అడుగుతాడు. తెల్లారగానే స్టాండులో అందరికీ ఇదే మాట చెప్పమని చెప్పి ఉంచాలి.