ఇసోజిమ ఫాల్కన్స్ ఆఖరి లైన్-అప్

1978 సెప్టెంబర్ 12, మంగళవారం

జట్టుని అమ్మేశారు.

పేపర్లో చూసి తెలుసుకున్నాను. ఇరవై ఏడేళ్ళుగా ఆ స్టేడియం మైక్ ముందు కూర్చుని ఆటగాళ్ళ పేర్లు పిలుస్తున్నదాన్ని, నాకు ఒక్క మాట చెప్పలేదు. మా బేస్‌బాల్ జట్టు ఇసోజిమ ఫాల్కన్స్ వచ్చే ఏడాది నుంచి టోక్యో పక్కన ఎక్కడో కొత్తగా కట్టిన ఊళ్ళో ఆడుతుందట. పేరూ మారుస్తారట. కొన్నది ఇళ్ళ స్థలాలు అమ్ముకునే కంపెనీ. అమ్మింది ఇన్నాళ్ళూ జట్టుని నడిపిన మా రైలు కంపెనీ. టీ కెటిల్‌ని పొయ్యి మీద ఠపీమని పెట్టాను. మూత ఎగిరి సింక్‌లో పడింది. అత్త మీద కోపం దుత్త మీద చూపించడమంటే ఇదే.

సెప్టెంబర్ 13

ఊళ్ళో ఎవరూ దాని గురించి మాట్లాడటం లేదు. చేపల మార్కెట్‌లో కూడా. అందరూ వాతావరణం గురించే మాట్లాడుతున్నారు. నాకు ఒళ్ళు మండింది.

సెప్టెంబర్ 17, ఆదివారం

మ్యాచ్ అయ్యాక షిగా గారు నా బూత్‌కి వచ్చాడు. స్టేడియంలో కంపెనీ తరఫు మనిషి. చెడ్డవాడు కాదు. పైవాళ్ళు చెప్పింది కిందివాళ్ళకి చెప్పడమే ఆయన ఉద్యోగం.

రెండు విషయాలు చెప్పాడు. అక్టోబర్ ఒకటిన ఇక్కడ ఆఖరి మ్యాచ్, కానీ ఆఖరిది అని మైక్‌లో అనకూడదట. వీడ్కోలు, కృతజ్ఞతలు, ఏవీ వద్దట. జనం రెచ్చిపోతారని పైవాళ్ళ భయం. రెండోది, కొత్త స్టేడియంలో నాకు ఉద్యోగం ఉందట. కరెంటు స్కోర్‌బోర్డు, గాజు బూత్, యూనిఫాం. "నోరు జారకుండా ఈ ఒక్క రోజు గడిపెయ్యండి ఫుసాయె గారూ, మీ విషయం నేను చూసుకుంటా" అన్నాడు.

మరి మన నాలుగు ఛాంపియన్‌షిప్‌ల సంగతేమిటని అడిగాను. కొత్త జట్టుకి వచ్చే ఏడాదే మొదటి ఏడాది అవుతుందని, రికార్డులన్నీ సున్నా నుంచి మొదలని, ఆ ఛాంపియన్‌షిప్ పతాకాలు గోడౌన్‌కి వెళ్తాయని చెప్పాడు. చెప్తున్నప్పుడు నా మొహం వైపు చూడలేదు.

సున్నా అట.

యుద్ధం అయ్యాక ఈ ఊళ్ళో తిండి లేదు. గని కార్మికులు షిఫ్ట్ దిగి, మొహాల మీద బొగ్గు మసితోనే వచ్చి అవుట్‌ఫీల్డ్ గడ్డి మీద కూర్చునేవాళ్ళు. టోక్యో పేపర్లు మమ్మల్ని బొగ్గు బస్తాలని రాశాయి. 1954లో ఆ బొగ్గు బస్తాలే టోక్యో వెళ్ళి, వానలో, వాళ్ళ గ్రౌండ్‌లోనే, ఒక్క రన్ తేడాతో జపాన్ ఛాంపియన్లయ్యారు. తిరిగొచ్చిన రోజు జనం పట్టాల మీద నిలబడిపోతే రైలు స్టేషన్‌లోకి రాలేకపోయింది. డ్రైవర్ కూడా దిగిపోయి వాళ్ళతో కలిసి చిందులేశాడు. తర్వాత ఇంకో మూడు సార్లు గెలిచాం. ఆ తర్వాత గనులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. సీట్లు ఖాళీ అయ్యాయి. జట్టు అట్టడుక్కి పోయింది. సరే, ఒప్పుకుంటాను. ఓడిపోవడం వేరు, అసలు లేనే లేమనడం వేరు.

ఉద్యోగం గురించి ఆలోచించి చెప్తానన్నాను. నలభై ఆరేళ్ళ ఒంటరిదాన్ని, నాకు వేరే పని రాదు.

సెప్టెంబర్ 20

నిర్ణయించుకున్నాను. ఆఖరి రోజు లైన్-అప్, అంటే ఆడే తొమ్మిది మంది పేర్ల వరస, చదివేటప్పుడు ఇప్పటి ఆటగాళ్ళ కంటే ముందు 1954లో గెలిచిన తొమ్మిది మందిని పిలుస్తాను. వీడ్కోలు చెప్పొద్దన్నారు, చెప్పను. పేర్లు పిలవడం నా పని, పిలుస్తాను.

స్కోర్‌బోర్డు నగమినె గారికి చెప్పాను. నేను పేరు పిలవగానే ఆ పేరు రాసిన చెక్క పలకని బోర్డుకి తగిలించే మనిషి. ఆ పేర్లన్నీ ఆయన కుంచెతో రాసినవే. ఆటగాడు వెళ్ళిపోతే పలకకి నల్ల రంగు పూసి కొత్త పేరు రాస్తాడు. అంటే పాత తొమ్మిదీ మళ్ళీ రాయాలి. ఆయన కాసేపు గడ్డం గోక్కుని, "నీకేమ్మా, మైక్ పోతే పోయింది. నా పెన్షన్ పోద్ది" అన్నాడు. ఆ వెంటనే క్యాచర్ కుసునోకి పేరుకి మందపాటి కుంచె కావాలని, వాడు లావుగా ఉండేవాడని అన్నాడు. ఒప్పుకున్నట్టే.

సెప్టెంబర్ 22, శుక్రవారం

తొమ్మిది మందిలో నలుగురు పోయారు. మిగిలినవాళ్ళకి కబురు చేశాను. హతకెయమ తొకుజి గారొక్కడే మొరాయిస్తున్నాడు. 1954 ఫైనల్లో ఆఖరి బంతి విసిరిన పిచ్చర్. ఇప్పుడు రేవు దగ్గర చేపముద్దని వెదురు పుల్లకి చుట్టి కాల్చి అమ్ముతాడు.

కొట్టు ముందు నిలబడి చాలాసేపు వాదించాను. కంపెనీ గ్రౌండ్‌లో కాలు పెట్టనన్నాడు. గ్రౌండ్ కంపెనీది కాదు, మునిసిపాలిటీదన్నాను. మరి మైక్ ఎవరిదన్నాడు. మైక్ కంపెనీదే, గొంతు నాదన్నాను. నా వైపు విసనకర్ర ఊపి, "పొగలోంచి జరుగు చెల్లెమ్మా, దగ్గొస్తే ఒకటో తారీకున ఎట్టా పిలుస్తావు" అన్నాడు. వస్తావా మరి అంటే, రానన్నాడు. "నన్ను అమ్మేసుకున్నోళ్ళ ముందు నేను చేతులు కట్టుకు నిలబడాలా? నువ్వు పిలుచుకో. నేను వినను" అని మూతి తిప్పుకున్నాడు.

మొండి ఘటం. పొట్లం మాత్రం కట్టిచ్చాడు.

సెప్టెంబర్ 26

షిగా గారు మళ్ళీ అడిగాడు. ఆలోచిస్తున్నానన్నాను. అబద్ధం.

అక్టోబర్ 1, ఆదివారం, ఉదయం

అన్నం దిగలేదు. గొంతుకి తేనె, ముల్లంగి రసం.

అక్టోబర్ 1, సాయంత్రం

స్టేడియం నిండిపోయింది. పదేళ్ళుగా ఇంత జనాన్ని చూడలేదు. మార్కెట్‌లో వాతావరణం గురించి మాట్లాడినవాళ్ళంతా ఉన్నారు.

బూత్ తలుపు గడియకి చీపురు అడ్డం పెట్టాను. మైక్ ఆన్ చేశాను. "ఈనాటి ఇసోజిమ ఫాల్కన్స్ లైన్-అప్. మొదటి బ్యాటర్, సెంటర్ ఫీల్డ్, హిరాయివ." జనం మొహామొహాలు చూసుకున్నారు. ఆ పేరు గలవాడు ఇప్పుడు జట్టులో లేడు కదా. తర్వాత బోర్డు మీద పలక ఎక్కింది. తడి ఆరని తెల్ల రంగు. ఒకటో బేస్ వైపు సీట్లలోంచి బట్టతల హిరాయివ లేచి టోపీ తీశాడు. అప్పుడు అర్థమైంది జనానికి. స్టేడియం మొత్తం ఒక్కసారి హోరెత్తింది.

రెండో పేరు, షార్ట్‌స్టాప్ స్థానంలో ఆడిన మియనగ. గనిలో పనితో మొదలుపెట్టి, ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. పిలిచాను. ఎవరూ లేవలేదు. ఎందుకు పిలిచాను, ఊరందరి ముందు ఆయన్ని మళ్ళీ చంపుతున్నానా అనిపించింది. అప్పుడు మూడో బేస్ వైపు ఆయన భార్య లేచింది. ఆవిడ చుట్టూ ఉన్నవాళ్ళు లేచారు. ఆ వైపు వైపంతా లేచింది. ఆ తర్వాత పోయినవాళ్ళ పేరు వచ్చినప్పుడల్లా జనమే నిలబడ్డారు.

షిగా గారు తలుపు బాదుతూనే ఉన్నాడు. "ఫుసాయె గారూ, ఆపండి, నా ఉద్యోగం పోతుంది" అంటున్నాడు. నేను చదువుతూనే ఉన్నాను. ఆరో పేరు దగ్గర బాదడం ఆగింది. ఎందుకాగిందో నాకు తెలియదు. ఇంకా తలుపు అవతలే ఉన్నాడని మాత్రం తెలుసు, ముక్కు చీదుకోవడం వినిపించింది.

ఒసాకా నుంచి వచ్చిన అవతలి జట్టు మేనేజర్ ఇదేమిటని అంపైర్ దగ్గరికి వెళ్ళాడు. అంపైర్ గడియారం చూసుకుని, మాస్క్ తీసి చంకలో పెట్టుకుని, బోర్డు వైపు తిరిగి నిలబడ్డాడు. మేనేజర్ కూడా అక్కడే నిలబడిపోయాడు.

తొమ్మిదోది. "పిచ్చర్, హతకెయమ." ఎవరూ లేవలేదు. రానన్న మనిషి కదా. నేను ఈ పనిలో ఎప్పుడూ చెయ్యనిది చేశాను. పేరు రెండోసారి పిలిచాను. అప్పుడు గేటు దగ్గర గార్డుతో పోట్లాడుతున్న ఓ ముసలాయన కనిపించాడు. ఒంటి మీద కొట్టు ఆప్రాన్. టికెట్ లేదట. గార్డు వదల్లేదు, ఆయన వదల్లేదు. చివరికి మా ఇప్పటి క్యాచర్, ఇరవై రెండేళ్ళ కుర్రాడు, పరుగెత్తుకెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. అంపైర్ బంతి ఇచ్చాడు.

విసిరాడు. బంతి మధ్యలోనే నేల మీద పడి, ఇంకోసారి ఎగిరి, దొర్లుకుంటూ వెళ్ళింది. అంపైర్ చెయ్యెత్తి, బంతి సరిగ్గానే పడిందన్నట్టు, స్ట్రైక్ అన్నాడు.

నేను ఏడ్చాను. మైక్ ఆన్‌లోనే ఉంది. తర్వాత ఇప్పటి లైన్-అప్ చదివాను.

మ్యాచ్ రెండు-ఏడుతో ఓడిపోయాం. అదీ రాసి పెట్టుకుంటున్నాను. మా ఓటములు కూడా మావే.

అక్టోబర్ 4

ఉద్యోగం పోయింది. షిగా గారే వచ్చి చెప్పాడు. గుమ్మంలోనే నిలబడి, నడుం బాగా వంచి దణ్ణం పెట్టాడు. ఆయన ఉద్యోగం ఉందట, కుటుంబంతో కొత్త ఊరికి వెళ్తున్నాడు. లోపలికి రమ్మన్నాను, రాలేదు.

హతకెయమ గారికి భుజం పట్టేసింది. చెయ్యి లేవడం లేదని నన్ను తిడుతున్నాడు, చూడ్డానికొచ్చిన ప్రతివాడికీ స్ట్రైక్ సంగతి చెప్తున్నాడు.

డిసెంబర్ 9

రేవులో చేపల పెట్టెల మీద చీటీలు అంటించే పని దొరికింది. ఎవరినీ పిలవక్కర్లేదు. చేతులకి చలి.

1979 ఏప్రిల్ 7, శనివారం

టీవీలో వాళ్ళ మొదటి మ్యాచ్. మొదటి ఏడాది జట్టు, చరిత్ర లేని జట్టు, ఇప్పుడే రాయడం మొదలైంది అంటాడు వ్యాఖ్యాత, చాలా గొప్పగా. నగమినె గారు నా పక్కన కూర్చుని బియ్యం బిస్కెట్లు నములుతూ, "ఆ కరెంటు బోర్డు మీద అక్షరాలు దోమల్లా ఉన్నాయే" అన్నాడు. ఆయన పెన్షన్ పోలేదు. పలకలు ఆయన ఇంట్లో, అటక మీద.

జూన్ 28

మునిసిపాలిటీ నుంచి మనిషి వచ్చాడు. వాళ్ళ జట్టు వచ్చే నెల ఒక్క మ్యాచ్ మా గ్రౌండ్‌లో ఆడుతుందట. పాత ఊరి అభిమానుల కోసం, హోమ్ మ్యాచ్‌గానే, అంటే ఆతిథ్య జట్టు వాళ్ళే. గ్రౌండ్ మునిసిపాలిటీది కాబట్టి మైక్ దగ్గర మనిషిని వాళ్ళే పెట్టుకోవచ్చట. చేస్తారా అని చాలా మొహమాటంగా అడిగాడు.

చేస్తానన్నాను.

జూలై 14, శనివారం

జనం బాగానే వచ్చారు. నిరుడు మాకు ఆడినవాళ్ళలో కొందరు ఆ కొత్త జట్టు నీలం చొక్కాల్లో ఉన్నారు. ఆ క్యాచర్ కుర్రాడు బూత్ వైపు చూసి చెయ్యి ఊపాడు. నేనూ ఊపాను.

మైక్ ఆన్ చేసి, "ముందుగా, మా ఊరికి వచ్చిన అతిథి జట్టు" అని ఆ నీలం చొక్కాలవాళ్ళ పేర్లు చదివాను.