అమ్మ కోటా

వెర్మాంట్,
మే నెల, ఆదివారం.

మా మేరెన్ తల్లికి అమ్మ ముద్దులు.

ఇక్కడ నేనూ నాన్నా కులాసా. మంచు కరిగి దారులన్నీ బురదే. నాన్న ట్రక్కు దిగబడితే పక్కింటి హోవర్డ్ ట్రాక్టరు కట్టి లాగాడు, లాగినంతసేపూ నాన్న డ్రైవింగు మీద జోకులేశాడు. మేపుల్ పాకం ఈసారి బాగా కుదిరింది, నీకో సీసా పంపాను. దగ్గు తగ్గిందా అని అడిగావు. తగ్గింది. చుట్టుపక్కల ఆవులన్నీ ఒక్కసారే ఈనుతున్నాయి, పశువుల డాక్టరుకి నిద్రే చాలడం లేదు.

నీ రెండో ప్రశ్నకే ఇన్నాళ్ళు పట్టింది. రూమ్మేటు నిన్ను "అమ్మ కోటా" అని ఏడిపించిందని, నిజంగా నా వల్లే నీకు సీటొచ్చిందా అని అడిగావు. కాస్త ఆగు, ముందు ఇక్కడ జరిగింది చెప్పనీ.

ఒకప్పుడు నేనూ, ఇప్పుడు నువ్వూ చదివే మన కాలేజీకి దరఖాస్తు పెట్టే ఇక్కడి పిల్లలతో మాట్లాడి, నా అభిప్రాయం రాసి పంపుతుంటాను కదా. ఈ ఏడాది ఇద్దరు. ఒకరు మీ స్కూల్లో నీ వెనక చదివిన జోసీ లాఫ్లామ్. చలికాలంలో రాయిలా గడ్డకట్టి, ఎండ తగలగానే మళ్ళీ గెంతే కప్పలుంటాయే, వాటి ఆగిన గుండె మళ్ళీ ఎలా కొట్టుకుంటుందో చూడాలని ఒకదాన్ని ఇంట్లో ఫ్రీజర్‌లో పెట్టిందట. బఠాణీల కోసం చెయ్యి పెట్టిన వాళ్ళమ్మ కేకకి వీధంతా పరిగెత్తుకొచ్చారట. నాకు జవాబు తెలియని ప్రశ్నలు అడిగి, తెలియదన్నందుకు సంబరపడింది ఆ పిల్ల.

రెండోవాడు కార్టర్ ఎల్స్‌వర్త్. నువ్వు రోజూ చూసే కాలేజీ పడవల షెడ్డు మీద ఉన్నది, దాన్ని కట్టించిన వాళ్ళ తాత పేరే. చెడ్డవాడు కాదు. ఏం చదవాలనుంది అంటే ఆవలించి, "నేనేం చెప్పినా పర్లేదు కదా డాక్టర్ గారూ, అంతా అయిపోయిందన్నాడు నాన్న" అన్నాడు.

వాడికి సీటొచ్చింది. జోసీకి రాలేదు.

పోయిన నెల బర్లింగ్టన్‌లో పాత విద్యార్థుల భోజనాలయ్యాయి. అడ్మిషన్లు చూసే డీన్ ఆల్డ్‌రిచ్ నా పక్కనే కూర్చున్నాడు. జోసీ సంగతి ఎత్తాను. మంచి పిల్లే, చోటు లేకపోయింది అన్నాడు, చేపలో ముల్లు తీసుకుంటూ. మరి కార్టర్‌కి చోటెలా దొరికిందని అడిగాను. నా చెయ్యి తట్టాడు.

"ఇంటివాళ్ళని బయట నిలబెడతామా డాక్టర్? మీ అమ్మాయిని నిలబెట్టామా?"

"దాని మార్కులు చూడలేదా మీరు?"

"చూశాం, బాగానే ఉన్నాయి. అలాంటివాళ్ళు బోలెడుమంది. మీ పేరు కనబడ్డాక పని తేలికైంది."

బల్ల చుట్టూ అందరూ నవ్వారు, సొంతింటి పెళ్ళిలో నవ్వినట్టు. నాకు కంపరమెత్తింది. నోట్లో ముద్దని రుమాల్లోకి ఉమ్మేశాను. పాలు పితికే ఇంట్లోంచి, ఎవరి పేరూ లేకుండా ఆ కాలేజీ గేటు దాటినదాన్ని. ఇప్పుడు నా పేరునే ఆ గేటుకి గడియ చేశారు. "నా పేరు మీకిందుకివ్వలేదు, ఇకమీదట మీకు కావలసిన పిల్లల్ని మీరే ఏరుకోండి" అని లేచి వచ్చేశాను.

నీ దగ్గర దాచింది ఇదే తల్లీ. నీ ఉత్తరం వచ్చేసరికే నాకు జవాబు తెలుసు. నీ మనసు నొచ్చుకుంటుందని రాయలేకపోయాను. నువ్వెంత కష్టపడి చదివావో నేను చూశాను. నా పేరు లేకపోయినా నీకొచ్చేదేమో. ఆ "ఏమో"ని వాళ్ళు నీకు జీవితాంతం అంటగట్టారు, అదీ నా పేరుతో. అన్నిటికంటే నాకదే రోత. చదువు మానమనను, ఉండమనీ అనను. నువ్వేం చేసినా మేం నీ వెనకే.

మొన్న జోసీ ఇంటికెళ్ళాను. స్టేట్ యూనివర్సిటీలో చేరుతోందట. ఓదార్చే మాటేదో వెతుక్కుంటుంటే, ఆ పిల్లే నా చేతికి కాఫీ ఇచ్చి, "మేరెన్‌కి అక్కడ బాగుందా డాక్టర్ గారూ? ల్యాబులు నిజంగా అంత పెద్దవా?" అని అడిగింది. ఎత్తిపొడుపు లేదు, ఏడుపు లేదు, ఉత్త కుతూహలం. పెద్దవేనని చెప్పాను. ఆ తర్వాత కాఫీ అయ్యేదాకా తలెత్తలేకపోయాను.

ఇట్లు,
నీ ఉత్తరం కోసం ఎదురుచూస్తూ,
నీ అమ్మ.