ప్రతిసారీ వేరే చోట

డిసెంబరు 10, బుధవారం

పొద్దున్నే మొదటి దెబ్బ. తప్పు నాది కాదు — కంపైలర్‌ది! నేను రాసిన ప్రోగ్రాంని యంత్రభాషలోకి మార్చాల్సినదే మధ్యలో కూలిపోయింది. టీవీ తెర మీద ఒక్క వరుస: అంతర్గత దోషం. ఇన్నాళ్లూ దోషాలన్నీ నావే అనుకున్నాను.

అంతర్గత... ఎంత బరువైన మాట. రెండుసార్లు పైకి చదివాను. పొయ్యి దగ్గర నుంచి అమ్మ — "ఏటే, మంత్రాలు నేర్సుకుంతన్నావా?"

సాయంత్రం

భయం ఇప్పుడు మొదలైంది. మా కాలేజీలో ఉన్న ఒకే ఒక్క రిస్క్-ఫైవ్ బోర్డు ఇది, టీవీకి తగిలించుకునే చిన్న కంప్యూటర్. మామూలు కంప్యూటర్లలో ఉండే చిప్పు కాదు. చిక్కొస్తే నెట్‌లో వెతికినా జవాబు చెప్పేవాళ్లు తక్కువ. సెలవుల్లో ఇంటికి తీసుకెళ్లమని సార్ నన్ను నమ్మి ఇచ్చారు. కళ్లంలో ఆరబోసిన కాఫీ గింజల మీద మంచు దిగబోతుంటే ముందే కూత పెట్టే ప్రోగ్రాం నాది. అది ఈ బోర్డు మీదే తయారవ్వాలి, సోమవారం విశాఖలో, ఎంపిక చేసేవాళ్ల ముందు, దీని మీదే నడవాలి. నడిస్తే చిప్పుల శిక్షణలో సీటు. లేకపోతే లేదు.

డిసెంబరు 11, గురువారం

ఒక్క అక్షరం మార్చలేదు. మళ్లీ నడిపాను. వేరే ఫైలులో కూలింది. మళ్లీ. ఇంకో చోట!

 

సిగ్నల్ కోసం గుట్టెక్కి సార్‌కి ఫోన్. "ఒకే చోట పడుతోందా?" లేదు సార్. "అయితే కంపైలర్‌ని తిట్టకు. పడే చోటు మారుతుంటే వస్తువుని అనుమానించు. మెమరీ పరీక్ష పెట్టు."

వస్తువుని అనుమానించు. ఆ వాక్యం ఎంత నచ్చిందో అంత భయపెట్టింది.

డిసెంబరు 12, శుక్రవారం

పొద్దున పరీక్ష. మెమరీలో రాసింది ఒకటి, తిరిగి చదివితే వచ్చింది మరొకటి. తెర నిండా తప్పులే.

మధ్యాహ్నం ఎండెక్కాక అదే పరీక్ష — ఒక్క తప్పూ లేదు. గెంతాను. కంపైల్ మొదలుపెట్టాను... పొద్దు వాలి మంచు దిగగానే మళ్లీ కూలింది.

డిసెంబరు 13, శనివారం

లేచి చూస్తే బల్ల మీద బోర్డు లేదు. 

"అటక మీదుంది. రోజూ నువ్వు పడుకున్నాక అక్కడే ఎడతన్నాను" — అమ్మ. నేను లేచేసరికి మళ్లీ బల్ల మీదకి చేర్చేస్తోందట. ఇవాళ మరిచిపోయింది.

పొయ్యి మీది అటక! విత్తనానికి ఉంచిన చోళ్లు, చిక్కుడు గింజలు పొగ తగిలేలా దాచే చోటు. తలెత్తి మసిబారిన ఆ వాసాలకేసి చూశాను.

"ఏటలా సూత్తన్నావు గుంటా? అక్కడైతే సెమ్మెక్కదు, పురుగు పట్టదు. నీ సీటు దాని మీదే ఉందన్నావు గదా..."

మెమరీ ముక్కని గాడిలోంచి లాగాను. బంగారు రంగు పళ్ల మీద జిగట మసి. వేలికంటింది. సార్‌కి మళ్లీ ఫోన్. ఆ మసి మంచు చెమ్మని పీల్చుకుంటే కరెంటు పక్కదారి పడుతుందట. ఎండకి ఆరితే సర్దుకుంటుందట. "మసి ఎలా పట్టింది?" వంటింట్లో పెట్టాను సార్ అన్నాను. 'నేను' అనే వచ్చింది నోటికి.  సార్ — "స్పిరిట్‌తో తుడిచెయ్యి. గాడి లోపల కూడా పట్టి ఉంటే మాత్రం... చెప్పలేను."

జీపు తోలే బావ పక్కనే ఉండి అంతా విన్నాడు. "స్పిరిట్టా? ఇప్పసారా సాలదేటే? బోర్డుక్కూడా సలేత్తన్నాదేమో!" అన్నాడు. వెక్కిరించాడు గాని, సాయంత్రం చింతపల్లి నుంచి సీసా, దూది తెచ్చింది అతనే. పళ్లు తుడిచాను. గాడిలోకి పుల్లకి చుట్టిన దూది. నల్లగా వచ్చింది, మళ్లీ నల్లగా, తరువాత తెల్లగా. లోపల ఎంతుందో కనపడదు.

"పాడైపోనాదేటే?" అమ్మ ఒక్కసారే అడిగింది. లేదన్నాను. నిజమో అబద్ధమో నాకే తెలియదు.

"మరి ఈ రాత్రికి ఎక్కడెడదాం?"

నా పక్కలో.

రేపు ఎండలో నెగ్గితే నమ్మను. పొద్దున్నే, మంచు విడవకముందే, తలుపులు బార్లా తీసి పరీక్ష పెట్టాలి. పొయ్యి వేడి తగలకుండా, అమ్మని ఆలస్యంగా వెలిగించమనాలి. ఎందుకని అడిగితే, అటక మాట ఎత్తకుండా ఏం చెప్పాలో...