కొట్టేసిన ప్రశ్న

తమ్ముడికి అక్క ఆశీస్సులు.

సోమవారం ఉదయం ఆరింటికి ఇక్కడి పెద్దాసుపత్రిలో పిల్లల వార్డుకు తాళం వేశారు. క్షేమ సమాచారాలు ఆ తర్వాతి మాట. అమ్మ కులాసా, నేను కులాసా. నువ్వూ మరదలూ బాగున్నారని తలుస్తాను. అమ్మ మోకాలి నొప్పి గురించి అడిగావు. తగ్గింది. టీవీలో నువ్వు రాసే అర్ధరాత్రి కామెడీ షో కోసం మాత్రం నిద్ర మానుకుని కూర్చుంటోంది, మర్నాడు ఎంత లేపినా లేవడం లేదు.

ఆ వార్డును మంత్రిగారు రెండుసార్లు ప్రారంభించారు. మంచాలు వచ్చినప్పుడు ఒకసారి, పరుపులు వచ్చినప్పుడు ఒకసారి. డాక్టర్లను మాత్రం వేయలేదు. పక్క వార్డు నుంచి తెచ్చిన నర్సులను కూడా వెనక్కి పంపేయడంతో తాళం పడింది. జ్వరంతో వచ్చిన పిల్లలను మూడు గంటల దూరంలో ఉన్న ఇంకో ఊరికి పొమ్మంటున్నారు. రెండు ప్రారంభాల సంగతి మొదట రాసింది నేను. మా పేపరు లోపలి పేజీలో, అరచేతంత. నువ్వు దాన్ని షోలోకి ఎక్కించి మంత్రిగారికి 'రిబ్బన్ బాబాయి' అని పేరు పెట్టావు. ఊరూవాడా నవ్వింది. నేనూ నవ్వాను, అబద్ధమెందుకు.

తాళం వార్త పట్టుకెళితే మా ఎడిటర్ గారు చదవకుండానే పక్కన పెట్టారు. "అది కామెడీ అయిపోయిందమ్మా. నవ్వేసి పడుకున్న జనాన్ని మళ్ళీ లేపి ఏడవమంటే ఎలా?" అన్నారు. వాదించి వాదించి నా గొంతు పోయింది. ఆసుపత్రి మెట్ల మీద హెడ్ నర్సు కనబడి, మీ తమ్ముడి షోలో మా వార్డు భలే ఉందని మెచ్చుకుంది. మెచ్చుకుని, "తాళంచెవి కూడా మీ తమ్ముడి దగ్గరే ఉందేమో కనుక్కోండి మేడమ్, ఇక్కడ ఎవర్నడిగినా లేదంటున్నారు" అంది. మంత్రిగారికేమో ఆ ముద్దుపేరు తెగ నచ్చేసింది. సభల్లో తనే చెప్పుకుని నవ్వుతున్నారు.

ఇక నీ ఉత్తరం. శుక్రవారం మంత్రిగారు మీ షోకి అతిథిగా వస్తున్నారని, వార్డు మీద నువ్వు రాసిన ప్రశ్నను ఆయన మనుషులు ముందే చదివి కొట్టేశారని, మీ యాంకర్ సరేనన్నాడని రాశావు. దాని బదులు ఆయనకు బంగారు రంగు కత్తెర బహూకరించే ఘట్టం రాశానక్కా, పేలుతుందా అని అడిగావు. పేలుతుంది. నీ జోకు పేలనిదెప్పుడు? కానీ కొట్టేసిన ప్రశ్నే నయంరా. డాక్టర్లు ఎప్పుడొస్తారని అడిగినది అదొక్కటే.

ఇంతసేపూ అసలు సంగతి దాటవేస్తున్నాను. తమ్ముడు అక్కకు రాసిన మాటను నేను విలేకరిగా చదివాను. మంత్రిగారి ప్రచార అధికారికి ఫోన్ చేసి, నీ ఊసెత్తకుండా అడిగాను. ఆయన దాచనూ లేదు. "అతిథి మర్యాద కదండీ, ఒక ప్రశ్న తీయించాం. నవ్వుకునే చోట వార్డు గొడవ ఎందుకని" అన్నాడు. ఈసారి ఎడిటర్ గారు చివరిదాకా చదివారు. తాళం, ఆ ప్రశ్న, రెండూ కలిపి శుక్రవారం పొద్దున మొదటి పేజీలో వస్తున్నాయి. నీ పేరుండదు. కానీ ఆ స్క్రిప్టు చూసింది మీలో నలుగురేనని నువ్వే రాశావు, అనుమానం నీ మీదికి రాకపోదు. ఏళ్ళ తరబడి తిరిగితే దొరికిన ఉద్యోగమని నాకు తెలుసు. తెలిసే చేశాను. ఫోన్లో చెబితే నన్ను నవ్వించి మాట మార్చేస్తావు, అందుకే ఇది రాసి మా పేపరు బండి డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను. అమ్మకు ఇంకా చెప్పలేదు.

ఎవరి మీద రాస్తామో వాళ్ళ మాట అడగకుండా మేం అచ్చు వేయం. గురువారం ఉదయం పదకొండింటికి మీ యాంకర్‌కు నేనే ఫోన్ చేస్తాను. ఈ ఉత్తరం బుధవారం సాయంత్రానికల్లా నీకు అందుతుంది. నా ఫోను వెళ్ళేలోగా ఆ సంగతి నాకు రాసింది నువ్వేనని ఆయనకు నువ్వే చెబుతావో, చెప్పవో నీ ఇష్టం.

ఇట్లు,
నువ్వు తిట్టినా నీ అక్కే