సుగుణమ్మ నక్షత్రం ఎవరి సొత్తు?

ఫిల్మ్‌నగర్,
ఆగస్టు 9.

రచయిత మల్లికార్జున్ గారికి నిర్మాత రామకృష్ణ నమస్కరించి రాయునది.

కిందటి సినిమా కథ ఫోన్లోంచి జారిపోయి, షూటింగు మొదలుకాకముందే ఊరంతా తిరిగొచ్చింది. అప్పుడే ఒట్టు పెట్టుకున్నానండీ, ఇక కథ గురించి ఏ మాటైనా కాగితం మీదే అని. జవాబు మా డ్రైవరు చేతికి తప్ప ఇంకెవరికీ ఇవ్వకండి.

మీ కథ మా ఇంట్లో అందరికీ నచ్చింది. భర్త చెప్పాపెట్టకుండా వెళ్ళిపోతే, ఏటా క్రిస్మస్‌కి గుమ్మానికి నక్షత్రం కట్టి ఎదురుచూసే ఆసుపత్రి నర్సమ్మ. మా ఆవిడ సత్యలక్ష్మి విని రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు, నేనే ఎక్కడికో వెళ్ళిపోయినట్టు. మా అబ్బాయి నిఖిల్‌కి దర్శకుడిగా ఇదే మొదటి సినిమా. రిలీజు క్రిస్మస్‌కే.

ఒక్కటే అనుమానం. పొద్దున పార్కులో నడుస్తుంటే తోటి నిర్మాత ఒకాయన క్రిస్మస్ అసలు క్రైస్తవులదే కాదు, అంతకుముందు రోమన్లదట అన్నాడు. నా నడక అక్కడే ఆగిపోయింది. మనం నర్సమ్మ చేత క్రిస్మస్ చేయిస్తే ఎవరి మనోభావాలు గాయపడతాయి? మీరు చరిత్ర లెక్చరరుగా చేసినవారు, తేల్చి చెప్పండి.

ఇక మీ పేరు సంగతి. తెర మీద ‘కథ: మల్లికార్జున్’ అని విడిగా కార్డు పడుతుంది. పడకపోతే నా పేరు రామకృష్ణే కాదు.

ఇట్లు,
మీ రామకృష్ణ.

తా.క.: రోమన్లు హైదరాబాదులో ఏ వైపు ఎక్కువగా ఉంటారు? ముందే వెళ్ళి వాళ్ళ పెద్దలకి ఒక శాలువా కప్పి వద్దాం.


మోతీనగర్,
ఆగస్టు 12.

గౌరవనీయులైన రామకృష్ణ గారికి,

పార్కులో నడిచే చరిత్రకారులతో జాగ్రత్తగా ఉండండి. వాళ్ళు చెప్పేదాంట్లో సగం నిజం ఉంటుంది, అదే చిక్కు.

యేసు ఏ తేదీన పుట్టాడో బైబిల్లో లేదు. డిసెంబరు ఇరవై అయిదు అన్నది నాలుగో శతాబ్దంలో రోమ్ నగరపు రాతల్లో కనబడుతుంది. అదే రోజున రోమన్లు సూర్యుడికి పండుగ చేసేవారనీ, చర్చి దాన్ని తీసుకుందనీ కొందరు పండితులు అంటారు. కాదు, యేసు తల్లి మార్చి ఇరవై అయిదున గర్భం దాల్చిందనుకుని తొమ్మిది నెలలు లెక్కపెట్టారని ఇంకొందరు అంటారు. ఈ తగువు ఇంకా తేలలేదు. ఇంట్లో పెట్టే చెట్టు మాత్రం చాలా తర్వాత జర్మనీ వైపు నుంచి వచ్చింది.

ఇదంతా తేదీ గొడవ. పండుగ క్రైస్తవులదే. శతాబ్దాలుగా ఉపవాసాలు, పాటలు, ప్రార్థనలు వాళ్ళవి.

మీకు చెప్పని మాట ఒకటుంది. ఆ నర్సమ్మ కల్పన కాదు. మా ఎదురింటి సుగుణమ్మ, ఎర్రగడ్డ ఆసుపత్రిలో పనిచేసి రిటైరయింది. ఆ నక్షత్రం ఎవరికోసమో గల్లీలో ఎవరికీ తెలియదు. అందరూ పండుగకే అనుకుంటారు. నాతో చెప్పేముందు ఆవిడ ఒక్కటే అడిగింది. "నీ చేత్తోని నువ్వే రాస్తనంటే చెప్త తమ్మీ. ఇంకొకల నోట్ల పడొద్దు." మాట ఇచ్చాను. కథ చదివి వినిపిస్తే, ఊరూ పేరూ మార్చమని చెప్పి ఒప్పుకుంది. నా పేరు తెర మీద పడాలని నేను పట్టుబట్టేది గొప్ప కోసం కాదు. అది నేను ఆమెకు చూపించాల్సిన లెక్క.

ఇట్లు,
మల్లికార్జున్.

తా.క.: ఆ రోమన్లు ఇప్పుడు లేరు. శాలువా బీరువాలో పెట్టండి. ఇన్నాళ్ళూ పేరు లేకుండా సినిమాలకు రాస్తూ రావడంతో మా ఆవిడ కుసుమకుమారి నా ఉద్యోగం ఏమిటో చుట్టాలకు చెప్పలేకపోతోంది. అది కూడా కొంచెం చూడండి.


ఫిల్మ్‌నగర్,
సెప్టెంబరు 3.

మల్లికార్జున్ గారికి నమస్కారాలు.

మీ ఉత్తరం ఆఫీసులో అందరికీ చదివి వినిపించాను. ‘సూర్యుడికి పండుగ’ అన్న చోట మా నిఖిల్ లేచి నిలబడ్డాడు. ఇంత గొప్ప విషయం అంత చిన్నగా రాశారేమండీ? సూర్యుడు మనవాడే కదా.

కథ అలాగే ఉంచి కొంచెం మార్చాం. నర్సమ్మ ఇప్పుడు యోగా టీచరు. గుమ్మానికి నక్షత్రం బదులు ఇత్తడి సూర్యుణ్ణి కడుతుంది. చర్చి సెట్టు అక్కర్లేదు, స్టూడియోలో పక్క ఫ్లోర్లో వేరే వాళ్ళ గుడి సెట్టు ఇంకా కూల్చలేదు. సిద్ధాంతి గారు రిలీజు రథసప్తమికి జరపమంటున్నారు. ఎవరి మనోభావాలూ గాయపడవు, ఎందుకంటే రోమన్లు లేరని మీరే హామీ ఇచ్చారు.

మీ మేధస్సుకి జోహార్లు.

ఇట్లు,
రామకృష్ణ.

తా.క.: సాంటా తాతకి కుట్టించిన ఎర్రబట్టలు వృథా పోకుండా సూర్యుడి రథసారథి అనూరుడి వేషం పెట్టాం. ఆయనకి తొడలుండవని సిద్ధాంతి గారు గుర్తుచేశారు. నటుణ్ణి పీపాలో నిలబెట్టి తీస్తున్నాం.


మోతీనగర్,
సెప్టెంబరు 5.

రామకృష్ణ గారికి,

నా ఉత్తరంలో మీకు కావలసిన మాట ఏరుకుని మిగతాది అవతల పారేశారు. నేను చెప్పింది మీకు అర్థం కాలేదా, అర్థం కాకూడదని అనుకున్నారా?

మీకు తెలిసిన భాషలో చెబుతాను. మీ జూబ్లీహిల్స్ ఇల్లున్న చోట ఒకప్పుడు బండరాళ్ళు, సీతాఫలం చెట్లు ఉండేవి. అంతమాత్రాన ఆ ఇల్లు సీతాఫలాలదని ఎవరైనా అంటే ఒప్పుకుంటారా? మీరు గోడ కట్టారు, గృహప్రవేశం చేశారు, పొద్దూ మాపూ దీపం పెడుతున్నారు. అందుకని మీది. పండుగా అంతే. ఎక్కడ మొదలైందని కాదు, ఎవరు దీపం పెడుతున్నారన్నదే చూడాలి. ఆ తేదీన ముందు ఎవరు ఏం చేసినా, దీపం వెలిగిస్తున్నది సుగుణమ్మ లాంటివాళ్ళు. ఆవిడ చేతిలోంచి పండుగ లాక్కుని ఇత్తడి సూర్యుణ్ణి పెడితే అది చరిత్ర కాదు, దొంగతనం.

నర్సమ్మను నర్సమ్మగా ఉంచండి. లేకపోతే నా కథ నాకు ఇచ్చేయండి.

ఇట్లు,
మల్లికార్జున్.

తా.క.: ముందు ఆ నటుణ్ణి పీపాలోంచి దింపండి. ఆయనకీ భార్యాపిల్లలుంటారు.


ఫిల్మ్‌నగర్,
డిసెంబరు 18.

ప్రియమిత్రులు మల్లికార్జున్ గారికి,

జవాబు ఆలస్యమైంది, షూటింగులో తలమునకలయ్యాం. మీ ఇంటి ఉదాహరణ నా కళ్ళు తెరిపించింది. చర్చి పెట్టాం. నక్షత్రం పెట్టాం. నర్సమ్మ నర్సమ్మే. రిలీజు కూడా రథసప్తమికి కాదు, క్రిస్మస్ వారానికే, ఎల్లుండి. భర్త మాత్రం క్లైమాక్సులో తిరిగొస్తాడు, లేకపోతే ఫ్యామిలీలు రావు. సినిమా చూసి సత్యలక్ష్మి ఏడ్చిన ఏడుపుకి పక్కింటివాళ్ళు వచ్చి అడిగారు.

ఇప్పుడు టైటిల్ కార్డు సంగతి. నిఖిల్ మీ ఉత్తరం చదివి ఒక మాట అన్నాడు. ఎక్కడ మొదలైందని కాదు, ఎవరు దీపం పెడుతున్నారన్నదే చూడాలని మీరే రాశారు. కథ మీ దగ్గర మొదలై ఉండొచ్చు. అసలు మీ దగ్గర కూడా కాదు, మీ ఎదురింట్లో. దానికి సెట్టు కట్టి, లైట్లు పెట్టి, నాలుగు నెలలు ఎండలో నిలబడింది మా వాడు. సీతాఫలాలకి టైటిల్ కార్డు వేస్తారా చెప్పండి?

కాబట్టి ‘కథ, మాటలు, దర్శకత్వం: నిఖిల్’ అని వేశాం. చివర్లో కృతజ్ఞతల్లో మీ పేరు తప్పక ఉంటుంది. నేను మాట మీద నిలబడే మనిషిని.

ఇట్లు,
మీ సలహాలకి ఎప్పటికీ రుణపడిన రామకృష్ణ.

తా.క.: ఈ విషయం ఎవరితోనూ అనకండి. మా కథ బయటికి పోతే కష్టం.


మోతీనగర్,
డిసెంబరు 26.

రామకృష్ణ గారికి,

మీ సినిమా రిలీజు రోజే చూశాం. మీ ఉత్తరం వచ్చాక కూడా నేను ఇంట్లో చెప్పలేదు. చెప్పే ధైర్యం లేకపోయింది, చివరి నిమిషంలో మీరు మనసు మార్చుకుంటారన్న ఆశ కూడా చావలేదు. కుసుమ కొత్త చీర కట్టుకుంది. సుగుణమ్మను మా మధ్య కూర్చోబెట్టుకున్నాం.

మొదట్లో పేరు పడలేదు. ఆఖర్లో పడుతుందేమోనని కుసుమ కూర్చునే ఉంది. థియేటరు వాళ్ళు ఊడవడం మొదలుపెట్టారు. అప్పుడు వచ్చింది, మంచినీళ్ళ ట్యాంకరు వాళ్ళకూ పీపా అద్దెకిచ్చిన వాళ్ళకూ మధ్య, ‘క్రిస్మస్ సలహాలు: మల్లికార్జున్’. కుసుమ కొత్త చీర కుచ్చిళ్ళు సర్దుకుని లేచింది.

సుగుణమ్మ తెర మీద తన గుమ్మం చూసింది, తన నక్షత్రం చూసింది. ముప్ఫై ఏళ్ళు లోపల దాచుకున్న మాటలు వేరే ఆవిడ నోట విని, చుట్టూ జనం ముక్కులు చీదుకోవడం విన్నది. బయటికొచ్చాక మెట్రో మెట్ల దగ్గర నన్ను ఆపింది. "నువ్వు రాస్తనంటే చెప్పిన. గాడ పేరేమో ఇంకొకలది. నా బతుకు ఎంతకమ్మినవ్ తమ్మీ?" మీ ఉత్తరాలన్నీ చూపించి నా తప్పు లేదని చెప్పొచ్చు. కానీ ఆవిడ అడిగింది మీ గురించి కాదు. భర్త తిరిగొచ్చే ముగింపు గురించి కూడా ఒక మాట అంది. "సినిమాల వచ్చిండు, చూసిన" అని.

ఏటా క్రిస్మస్ పొద్దున ఆవిడ ఇంటి నుంచి నూనెలో వేయించిన గులాబీపువ్వుల పళ్ళెం వచ్చేది. ఈసారి రాలేదు. గల్లీ అంతా మీ సినిమా చూసేసింది, ఆ నక్షత్రం ఎవరికోసమో ఇప్పుడు పిల్లలకు కూడా తెలుసు. జూబ్లీహిల్స్‌లో ప్రతి షాపుకీ నక్షత్రాలు వేలాడుతున్నాయట. సుగుణమ్మ గుమ్మానికి మాత్రం ఈ ఏడాది కట్టలేదు.

ఇట్లు,
సీతాఫలం చెట్టు.

తా.క.: ఎవరి మనోభావాలు గాయపడతాయో తెలిస్తే వెళ్ళి శాలువా కప్పుదామన్నారు. ఆ మనిషి మా ఎదురింట్లోనే ఉంది. తలుపు తీయడం లేదు.