వేరుపడిన పార్టీకి వాటా కుర్చీలు

పలివెల
తమ్ముడు ఏసుపాదానికి అక్క రాహేలు దీవించి వ్రాయునది. ప్రభువు దయవల్ల మోకాలు తప్ప నేనంతా బాగున్నాను. నీ బీపీ ఎలా ఉంది? మరదలు శాంతికి నడుం నొప్పి తగ్గిందా? కోడలు నిర్మల దగ్గు? కొత్తగా పెట్టిన నీ పార్టీ ఎలా ఉంది, తేరుకుందా?

ఫోన్ చేస్తే మీటింగులో ఉన్నానంటావు, అందుకే ఉత్తరం. శరభయ్యగారూ నువ్వూ ఇన్నేళ్లు ఒకే ఎర్రజెండా మోసి, ఎన్నికల పొత్తు దగ్గర మాటామాటా అనుకుని, నువ్వు కట్టుబట్టలతో బయటికొచ్చేవు. నీ తొలి మీటింగులో కుర్చీల్లేక అందరూ నిలబడ్డారని మా పక్కింటి వరహాలమ్మ చెప్పింది. నాకు ముద్ద దిగలేదు. వేరుపడ్డవాడికి గిన్నే చెంబూ పంచి ఇవ్వాలి కదా. మనింట్లో పెద్దదాన్ని నేనే. రేపే అమలాపురంలో మీ పాత పార్టీ ఆఫీసుకెళ్లి నీ వాటా అడుగుతాను.
ఇట్లు, నీ అక్క

తా.క.: నిలబడ్డది ఎంతమందని అడగలేదు. నువ్వు బాధపడతావని.

రాజోలు
అక్కకు ఉద్యమాభివందనాలు. ఇక్కడ అందరం క్షేమం. దయచేసి వెళ్లకు. మాది వేరుకాపురం కాదక్కా, సిద్ధాంత విభేదం. సొంత ఆస్తి కూడదని ఊరూరా చెప్పినవాడి తరఫున వాటాకి వెళ్తే నవ్విపోతారు. శరభయ్య మొహం చూడనని సభలోనే ప్రకటించేను.
నీ తమ్ముడు, అధ్యక్షుడు, కోనసీమ శ్రామిక పక్షం

తా.క.: ఐదుగురు వచ్చేరు. ఒకాయన పక్కింటి పెళ్లికని వచ్చేరు గానీ, చివరిదాకా ఉన్నారు.

పలివెల
తమ్ముడికి దీవెనలు. నీ ఉత్తరం నేను వెళ్లొచ్చేక అందింది. శరభయ్యగారు ఎంత మర్యాదస్తులో. టీ తెప్పించేరు. "పార్టీలో ఏదీ ఎవరి సొంతమూ కాదండి, వాటా ఎలా ఇస్తామండీ" అన్నారు. "అయితే మీ సొంతమూ కాదు కదండీ" అన్నాను. టీ గ్లాసు కింద పెట్టి, "ఆయ్, నిజమేనండి" అన్నారు. సగం కుర్చీలూ మైకుసెట్టూ మన వీధి చంటి ఆటోలో వేయించి మా ఇంటికి తెచ్చేను. గోడమీద గడ్డాల తాతగార్ల పటాలు రెండున్నాయి. అన్నదమ్ములేమో, విడదీయడం పాపమని రెండూ తెచ్చేను.
ఇట్లు, అక్క

తా.క.: డప్పు ఒక్కటే ఉంది. సగం చేయడం కుదరలేదు.

రాజోలు
అక్కకు, పరువు పోయింది. కుర్చీల కోసమే పార్టీ చీల్చేనని జనం అంటున్నారు. అన్నీ వెంటనే తిరిగి పంపెయ్యి.
నీ తమ్ముడు

తా.క.: శరభయ్యకి షుగరుంది. టీలో పంచదార వేసుకున్నాడా? ఊరికే అడిగేను.

పలివెల
తమ్ముడికి దీవెనలు. వేసుకోలేదు. నువ్వు చెప్పినట్టే అన్నీ పంపేను. సాయంత్రానికి చంటి ఆటో మళ్లీ మా గుమ్మంలో ఆగింది. మొత్తం కుర్చీలు, వాటి మధ్య డప్పు ఒళ్లో పెట్టుకుని శరభయ్యగారు. గొడవకొచ్చేరేమో అనుకున్నాను. ఆయన మాత్రం దిగి, "ఏసుపాదం వెళ్లిపోయేక ఆఫీసులో నేనొక్కణ్ణేనండి. ఎవరితో విభేదించాలో తెలీడం లేదండి" అన్నారు.

నీ పార్టీలో చేరతారట. చేరిన రోజే నిన్ను వ్యతిరేకిస్తారట. దానికి నువ్వు ఒప్పుకోవాలట. మొహం చూడనన్నావు కదా, మీ ఇద్దరికీ మధ్యలో నేను కూర్చుంటాను. శాంతినీ నిర్మలనీ తీసుకుని రా.
ఇట్లు, అక్క

తా.క.: ఆయన అప్పుడే వీధరుగు మీద కుర్చీలు వేసేసేరు. మీటింగు పద్నాలుగో తేదీ ఆదివారం, ఆరాధన అయ్యేక.